చెట్టా చెట్టా, ఎందుకు ఎండావు? ఒక పల్లెబడిలో ఏడాది సాగిన వేపచెట్టు ప్రాజెక్టు

2021 వానాకాలం చివర్లో తెలంగాణలో వేపచెట్లు ఎండిపోవడం మొదలైంది. ముందు కొమ్మల కొసలు మాడి గోధుమరంగుకు తిరిగాయి. తర్వాత తలకట్టంతా అలాగే అయింది. రోడ్ల వెంట, పొలం గట్ల మీద, గుడి ముందు, ఎక్కడ చూసినా అదే పరిస్థితి. మా బడి ఆవరణలో ఉన్న ఒకే ఒక పెద్ద చెట్టు వేపచెట్టే. ఆ విద్యాసంవత్సరం 3, 4, 5 తరగతుల పిల్లలతో ఆ చెట్టు చుట్టూ నడిపిన ప్రాజెక్టు వివరాలివి. ప్రాథమిక పాఠశాలలో ఇలాంటి పని చేయాలనుకునే టీచర్లకు ఉపయోగపడుతుందని, ఏం చేశామో, ఎందుకలా చేశామో, ఎక్కడ పని జరగలేదో రాస్తున్నాను.

ఈ పనంతటికీ ఆధారం ఒక్కటే నమ్మకం. ఎనిమిదేళ్ల పిల్లకు ఓజోన్ పొర గురించి, కరుగుతున్న మంచుకొండల గురించి చెప్పడం కంటే, రోజూ కళ్లముందుండే ఒక్క ప్రాణిని ఏడాది పొడవునా చూడనివ్వాలి. దానికి ఏదైనా జరిగినప్పుడు ‘ఎందుకు’ అని వరసగా అడగడం నేర్పాలి. ఆ అడిగే వరస మనవాళ్లు పిల్లలకు ఎప్పుడో ఇచ్చారు, ఏడు చేపల కథలో.

బడి, పిల్లలు

మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులు తోటి టీచర్ చూస్తారు, మూడు నుంచి ఐదు వరకు నేను. 2020 మార్చిలో మూతపడ్డ బడులు 2021 సెప్టెంబరు 1న తెరుచుకున్నాయి. ఒకటో తరగతి పూర్తికాకుండానే ఇంటికి వెళ్లిన పిల్లలు నేరుగా మూడో తరగతిలోకి వచ్చి కూర్చున్నారు. మధ్యలో దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వచ్చిన పాఠాలు కొందరు చూశారు. ఇంట్లో టీవీ లేనివాళ్లకు, పొద్దున్నే అమ్మానాన్నలతో పొలానికి వెళ్లినవాళ్లకు అదీ లేదు. మూడో తరగతిలో సగం మందికి గుణింతాలు గుర్తులేవు. పుస్తకం చదివించి పర్యావరణం చెప్పే పరిస్థితి అసలే లేదు. అయితే మాట్లాడటం, వినటం, కథ చెప్పటం ఎవరూ మరిచిపోలేదు. అందుకే ఈ ప్రాజెక్టులో సాహిత్యం అన్నప్పుడు నా ఉద్దేశం ఎక్కువగా నోటి సాహిత్యమే.

ప్రాజెక్టు అనే మాట గురించి కూడా కొంత చెప్పాలి. సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతిలో ప్రతి నిర్మాణాత్మక మూల్యాంకనంలోనూ ప్రాజెక్టు పనికి మార్కులుంటాయి. ఆచరణలో అది చాలాసార్లు చార్టు పనైపోతుంది. స్టేషనరీ షాపులో చెట్ల బొమ్మలున్న షీటు కొంటారు, కత్తిరించి అతికిస్తారు, కింద ‘చెట్లు మనకు నీడనిస్తాయి’ అని రాస్తారు. ఆ వాక్యం రాసిన పిల్ల ఆ మధ్యాహ్నం ఏ చెట్టు నీడలో కూర్చుని అన్నం తిన్నదో మనం అడగం. ఈసారి చార్టులు, కొన్న బొమ్మలు వద్దని మొదటే అనుకున్నాం. ఒక్కో జట్టుకు ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిళ్లు, ఒక భూతద్దం, కొలవడానికి నూలు తాడు. ఖర్చు అంతే.

పిల్లల భయం

చెట్టు ఎండటాన్ని మొదట చూసింది నాలుగో తరగతి పాప. ‘టీచర్, పైకొమ్మల ఆకులు మాడిపోయినయి’ అంది. మూడు నాలుగు రోజుల్లో ఇంటి దగ్గర విన్న మాటలన్నీ తరగతిలోకి వచ్చేశాయి. ఊరికి అరిష్టమని ఒకరు, సెల్ టవర్ వల్లనని ఒకరు. ‘మనుషులకు అయిపోయిందంట టీచర్, ఇప్పుడు చెట్లకు వచ్చిందంట కరోనా’ అని మూడో తరగతి బాబు చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ ఏడాది వేసవిలో ఆ తరగతిలో ఇద్దరి ఇళ్లల్లో మనుషులు పోయారు.

చిన్నపిల్లలకు పర్యావరణం చెప్పేటప్పుడు మనం తెలియకుండానే భయం ముందు పెడతాం. నీళ్లు అయిపోతాయి, గాలి విషమైపోతుంది, పులులు అంతరించిపోతాయి అంటాం. ఆ వయసులో వీటిలో ఒక్కదాన్ని కూడా పిల్లలు ఆపలేరు. ఆపలేని దాని గురించి రోజూ వింటే కొందరు టెన్షన్ పడతారు, మిగతావాళ్లు వినడం మానేస్తారు. మా పిల్లల దగ్గర భయం అప్పటికే కావాల్సినంత ఉంది. నేను చేయాల్సింది దాన్ని చూపుగా, ప్రశ్నగా మార్చడం.

కథతో మొదలు

ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలు అరుదు. మా తరగతిలో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెస్తారు, ఎండబెడతారు, ఒకటి ఎండదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిమోపును అడిగితే ఆవు మేయలేదని, ఆవును అడిగితే పిల్లవాడు మేపలేదని, వాణ్ణి అడిగితే అవ్వ అన్నం పెట్టలేదని, అవ్వను అడిగితే చంటిపిల్ల ఏడ్చిందని, ఆ పిల్లను అడిగితే చీమ కుట్టిందని. చివరికి చీమ తన మాట చెబుతుంది: నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?

పిల్లలతో దీన్ని ఆడించాం. చేప, గడ్డి, ఆవు, కాపరి, అవ్వ, చంటిపిల్ల, చీమ వరసగా నిలబడ్డారు. ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఒక నూలు ఉండ చేతులు మారుతుంది, దారం మాత్రం చేతిలోనే ఉంటుంది. చీమ దారం లాగితే చేప చెయ్యి కదిలింది. మూడో తరగతివాళ్లు ఆ ఒక్క దానికే చాలాసేపు కేరింతలు కొట్టారు.

ఆట తర్వాత ఒక్క ప్రశ్న వేశాను. ఇందులో తప్పెవరిది? మొదట అందరూ చీమదేనన్నారు. ‘పిల్ల వేలు పెట్టింది గదా’ అని ఒకరు. ‘దానికి తెలవదు, చిన్నపిల్ల’ అని ఇంకొకరు. ‘అవ్వ చూసుకోవాలె.’ ‘అవ్వకు పనుండె.’ ఇలా సాగి సాగి, అసలు ఎవరూ కావాలని చేయలేదని ఐదో తరగతి పిల్ల తేల్చింది. ఈ కథలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇదే. ఇందులో దుర్మార్గులు లేరు. ప్రతి ప్రాణికీ తన కారణం తనకుంది. చీమ తన ఇల్లు కాపాడుకుంది. ఒకచోట వేలు పెడితే ఎక్కడో చేప ఎండదు. జీవావరణం గురించి ఆ వయసు పిల్లలకు చెప్పవలసిందంతా ఈ చిన్న కథలో ఉంది, చివర నీతివాక్యం కూడా లేదు.

మర్నాడు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘చెట్టా చెట్టా, ఎందుకు ఎండావు?’ అని రాసి కింద గీతలు ఖాళీగా వదిలాను. నియమం ఒక్కటే. ఏ గీతనూ ఊహతో నింపకూడదు. ఎవరైనా చూసి రావాలి, లేదా తెలిసినవాళ్లను అడిగి రావాలి. ఆ ఖాళీలే మా ప్రాజెక్టు ప్రణాళిక.

చూడటం

జట్టుకొక కొమ్మకు రంగుగుడ్డ పీలిక కట్టుకున్నారు. పిల్లల చేతికి అందే కింది కొమ్మలే. వారానికోసారి తమ కొమ్మను చూసి బొమ్మ గీసి, తేదీ వేసి, ఒక వాక్యం రాయాలి. రాయడం రానివాళ్లు చెబితే పెద్దవాళ్లు రాస్తారు. మొదటి వారాల వాక్యాలు ‘చెట్టు ఎండింది’, ‘ఆకులు ఉన్నాయి’ దగ్గరే ఆగాయి. నెల గడిచేసరికి మాటలు మారాయి. ఎండిన ఆకులు రాలకుండా గుత్తిగా వేలాడుతున్నాయని, కొస నుంచి వెనక్కి ఎండుతూ వస్తోందని, ముదురు ఆకు బాగానే ఉంది లేతచిగురే మాడిందని రాశారు. చివరి మాట మూడో తరగతి బాబుది. చెట్టుకొచ్చిన జబ్బు గురించి శాస్త్రవేత్తలు ముందుగా చెప్పే లక్షణం అదే.

లెక్కలు కూడా ఇక్కడే చేశాం. తాడుతో మాను చుట్టుకొలత, ఉదయం పది, మధ్యాహ్నం పన్నెండు, మూడు గంటలకు నీడ అంచున ముగ్గు పోసి గీత. నీడ ఎంతుందో చదరపు మీటర్లలో చెబితే మూడో తరగతికి అర్థం కాదు. అందుకని నీడలో ఎంతమంది కూర్చోగలరో లెక్కపెట్టాం. అక్టోబరులో పన్నెండు గంటల నీడలో 24 మంది కూర్చున్నారు. డిసెంబరులో 9 మంది. మిగతా పిల్లలు పళ్లేలు పట్టుకుని వరండాలోకి వెళ్లాల్సి వచ్చింది. చెట్లు నీడనిస్తాయి అనే వాక్యం వాళ్లకు అప్పుడు లెక్కతో సహా తెలిసింది.

చెట్టు మీదికి ఎవరెవరు వస్తున్నారో రాసే పని ఒక జట్టుది. గండుచీమలు, ఉడుతలు, కాకులు, గోరింకలు, పిగిలిపిట్టలు, ఒక తొండ. నాలుగో తరగతి బాబు ఒకడు చెట్టును పట్టించుకోకుండా చీమల వెనకే తిరిగేవాడు. జట్టు పని చేయట్లేదని మిగతావాళ్లు ఫిర్యాదు. వాణ్ణి చీమల మీదే ఉండనిచ్చాను. ఏడాది చివరికి చీమలు ఏ దారిన ఎక్కుతాయి, వానకు ముందు ఏం మోస్తాయి, ఎండిన కొమ్మ బెరడు కింద ఎక్కడ గుడ్లు పెడతాయి అని వాడు రాసిన పేజీలు అన్ని నోట్‌బుక్కుల్లోకీ బాగున్నవి.

అడగటం

రెండో ఖాళీ మాతో నిండేది కాదు. రైతువేదికలో ఉండే వ్యవసాయ విస్తరణాధికారిని పిలిచాం. పిల్లలు ముందే ప్రశ్నలు రాసుకున్నారు. ఆయన ఒక ఎండిన కొమ్మ, ఒక లేత కొమ్మ చేతిలో పట్టుకుని చెప్పిన విషయాలివి. ఇది కొమ్మ ఎండు తెగులు. దీనికి కారణం ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం. 1990ల్లోనే మన దేశ శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించి పేరు పెట్టారు. వానాకాలంలో మొదలై, చలి మొదలయ్యేసరికి తీవ్రమవుతుంది. దీనికి తోడు టీ దోమ అనే పురుగు లేతచిగుళ్లను పొడిచి రసం పీలుస్తుంది. పేరులో దోమ ఉన్నా అది నల్లి జాతి పురుగు, జీడిమామిడి తోటలున్న రైతులకు బాగా తెలుసు. పురుగు పొడిచిన చోట చిగురు బలహీనపడితే శిలీంధ్రానికి దారి సులువవుతుంది.

శిలీంధ్రం అంటే పిల్లలకు పట్టుబడటానికి బడిలో చిన్న ప్రయోగం చేశాం. రెండు మూతగల గాజు సీసాల్లో రొట్టెముక్కలు. ఒకటి తడిపింది, ఒకటి ఎండబెట్టింది. మూత తీయకుండా బయటినుంచే చూడాలి. తడిముక్క మీద బూజు వచ్చింది, పొడిముక్క అలాగే ఉంది. సెప్టెంబరు చివర్లో తుపాను వానలు విడవకుండా కురిసిన సంగతి పిల్లలకు గుర్తుంది. ‘వానకు చెట్టు తడిసింది, అందుకే బూజు పట్టింది’ అని ఐదో తరగతివాళ్లు తమంతట తామే కలుపుకున్నారు. ఒక్క వానే కారణం కాదు, చెట్టు నీరసం, పురుగు, శిలీంధ్రం, వాతావరణం అన్నీ కలిశాయని చెప్పాను. కథలో కూడా ఒక్క చీమతోనే అంతా జరగలేదు కదా అన్నారు వాళ్లు.

ఇళ్లల్లో పెద్దవాళ్లను అడిగి రావడం మరో పని. నాయనమ్మలు, తాతలు చెప్పినవి రాసుకొచ్చారు. పళ్లపుల్ల, వడ్లగుమ్మిలో వేపాకు, అమ్మవారు పోసినప్పుడు పడక మీద వేపరెమ్మలు, బోనం కుండకు కట్టే మండలు, పైరుకు కొట్టే వేపగింజల కషాయం. ఒక తాత తన చిన్నప్పుడు ఆ చెట్టు ‘నా నడుమంత ఉండె’ అన్నాడట. మానుకు తాడు చుట్టి కొలిచిన పిల్లలకు ఆ మాట ఎంత నచ్చిందో, ఆయన్ని బడికి తీసుకొచ్చి చెట్టు పక్కన నిలబెట్టారు.

మందు కొట్టాలా?

జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు శిలీంధ్రనాశిని, పురుగుమందు వాడకం సూచించారు. పిల్లలు కూడా ‘మందు కొడదాం టీచర్’ అన్నారు, పురుగును చంపేద్దామన్నారు. ఇక్కడ మళ్లీ కథ దగ్గరికి వెళ్లాం. పురుగును అడిగితే ఏమంటుంది? ‘చిగురు రసం తాగకపోతే నేనేం తాగను?’ అంటుందని ఒక పాప. ఉడుత ఏమంటుంది, గోరింక ఏమంటుంది, చెట్టు కింద అన్నం వండే ఆయమ్మ ఏమంటుంది, ఇలా ఒక్కొక్కరి తరఫున ఒక్కొక్కరు మాట్లాడారు. పురుగు తరఫున మాట్లాడటానికి ఎవరూ ముందుకు రాకపోతే చీమల బాబు వచ్చాడు.

నిర్ణయం మాత్రం పిల్లల ఓటుకు వదల్లేదు. పెద్దవాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయాన్ని పిల్లల మీద పెట్టడం సరికాదని నా అభిప్రాయం. ఆ ఎత్తు చెట్టుకు మందు కొట్టాలంటే ట్రాక్టర్ స్ప్రేయరు కావాలి. కింద వంటపొయ్యి, తాగునీటి ట్యాంకు, రోజంతా పిల్లలు. బడి ఆవరణలో మందు వద్దనుకున్నాం. రాలిన ఎండుపుల్లలు ఏరి దూరంగా పోయడం, చుట్టూ పాదు చేయడం, పశువుల ఎరువు వేయడం, వానలు తగ్గాక నీళ్లు పెట్టడం మా పని. దాంతో జబ్బు తగ్గిందని నేను చెప్పను. పక్క ఊళ్లల్లో ఏమీ చేయని చెట్లు కూడా తర్వాత చిగురించాయి. ఆ సంగతి పిల్లలకూ అలాగే చెప్పాను.

బతుకమ్మ, పాట

అక్టోబరు 6న ఎంగిలిపూల బతుకమ్మ. తొమ్మిది రోజుల్లో ఏడోది వేపకాయల బతుకమ్మ. ఆ రోజు బియ్యప్పిండిని వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయించి నైవేద్యం పెడతారు. సెలవులకు ముందు ఈ పేరు మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ఉయ్యాలో పాటకు కొత్త మాటలు కట్టమన్నాను. ఆ వరస పిల్లలకు నోటికొచ్చు కాబట్టి మాటలు వాటంతటవే వస్తాయి. నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు కలిసి కట్టిన పాటలో కొన్ని చరణాలు:

ఎండిన కొమ్మల్ల ఉయ్యాలో, ఎవరున్నరమ్మ ఉయ్యాలో
చీమలున్నయమ్మ ఉయ్యాలో, చిన్న ఉడతుందమ్మ ఉయ్యాలో
నీడేది మాకని ఉయ్యాలో, నిన్నడగమమ్మ ఉయ్యాలో
చిగురు తొడిగేదాక ఉయ్యాలో, చూస్తుంటమమ్మ ఉయ్యాలో

సద్దుల బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్ల మధ్య ఆ పిల్లలు ఇది పాడారు. పెద్దవాళ్లు వెనక అందుకున్నారు.

సాహిత్యం ఎంపిక గురించి ఒక మాట. పూలు తమను కోయవద్దని మనిషిని వేడుకునే కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ చాలా గొప్ప ఖండిక, పెద్ద తరగతులకు బాగా సరిపోతుంది. కానీ బతుకమ్మ వారంలో గునుగు, తంగేడు కోసుకొచ్చే ఎనిమిదేళ్ల పిల్లకు అది చదివితే తను పాపం చేస్తున్నాననుకుంటుంది. తంగేడు బీళ్లల్లో, గునుగు చేలల్లో దానంతటదే మొలుస్తుంది. కోయడంలో హద్దు ఎక్కడో, ఎంత వదిలితే గింజ పడి మళ్లీ ఏడాదికి మొలుస్తుందో చెప్పడం ఆ వయసుకు సరిపోతుంది. అలాగే జంతువులు మనిషికి ఉపన్యాసం చెప్పే కథలు నేను వాడను. పిల్లలు వాటిని పాఠంలాగే విని పాఠంలాగే మరిచిపోతారు.

కొట్టేయాలన్న మాట

నవంబరులో చెట్టు దాదాపు పూర్తిగా మోడులా కనిపించింది. ఎండుకొమ్మలు విరిగి పిల్లల మీద పడతాయని, కొట్టించేయమని కొందరు తల్లిదండ్రులు అన్నారు. కట్టె కొనేవాళ్లు కూడా వచ్చి చూసి వెళ్లారు. తల్లిదండ్రుల భయంలో అన్యాయం లేదు. మా వంటపొయ్యి ఆ కొమ్మల కిందే ఉంది.

అంతకుముందే పిల్లలకు బెరడు పరీక్ష నేర్పాను. సన్నకొమ్మ బెరడును గోటితో కొంచెం గీకి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికి ఉంది. గోధుమరంగుగా, పొడిగా ఉంటే చచ్చిపోయింది. పీలికలు కట్టిన కొమ్మలన్నీ చూసి నోట్‌బుక్‌లో ఎదురుగా ‘పచ్చ’, ‘ఎండు’ అని రాసుకున్నారు. కొసలు ఎండినా వెనక భాగం ఎక్కువ కొమ్మల్లో పచ్చగానే ఉంది.

పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశం చెట్టు కిందే పెట్టాం. ఐదో తరగతి పిల్లలు నోట్‌బుక్కులు తెచ్చి చూపించారు. మాటలతో కుదరదనుకుని ఒక పాప కమిటీ పెద్దను ‘తాతా, నువ్వే గీకు’ అని కొమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన గీకి చూశాడు, పక్కవాళ్లను పిలిచి చూపించాడు. తర్వాత మూడో తరగతివాళ్లు తమ కథ ఆడారు. అప్పటికి అది ఇలా తయారైంది:

చెట్టా చెట్టా, ఎందుకు ఎండావు? నా చిగురుకు బూజు పట్టింది.
బూజా బూజా, ఎందుకు పట్టావు? పురుగు దారి చేసింది, వాన తడిపింది.
పురుగా పురుగా, ఎందుకు పొడిచావు? నాకు ఆకలైంది.
వానా వానా, ఎందుకు ఆగలేదు? మబ్బు నన్ను వదల్లేదు.
చెట్టా చెట్టా, చచ్చిపోయావా? నన్ను గీకి చూడండి, చెబుతాను.

చివరి వాక్యం వాళ్లు ఆ సమావేశం కోసమే చేర్చారు. నిర్ణయం ఏమంటే, పొయ్యి మీదికి, దారి మీదికి వచ్చిన ఎండుకొమ్మలు నరికించాలి, మాను జోలికి ఉగాది దాకా పోకూడదు, అప్పటికీ చిగురించకపోతే చూద్దాం. పొయ్యిని వరండా చివరికి మార్చాం. పిల్లలు చెట్టును కాపాడారని ఊళ్లో చెప్పుకున్నారు. నిజానికి కాపాడింది వాళ్ల నోట్‌బుక్‌లో ఉన్న తేదీలు, రాతలు. చెట్టు మీద ప్రేమ ఊళ్లో అందరికీ ఉంది, ఈ కొమ్మ బతికుందని చెప్పగల ఆధారం పిల్లల దగ్గరే ఉంది.

చిగురు

కోవిడ్ మూడో దశతో 2022 జనవరిలో మళ్లీ బడులు మూశారు. ఫిబ్రవరి 1న తెరిచేసరికి చెట్టు మీద రాగిరంగు చిగుళ్లు. కొసల నుంచి కాదు, వెనక ముదురుకొమ్మల మీదినుంచి గుబురుగా వచ్చాయి. కొస చచ్చిపోతే కొమ్మలో నిద్రపోతున్న మొగ్గలు మేలుకుంటాయని చెప్పాను. అన్ని కొమ్మలూ బతకలేదు. రెండు జట్ల పీలికలున్న కొమ్మలు చిగురించలేదు. ఆ జట్లలో ఒక బాబు చాలా ఏడ్చాడు. వేరే కొమ్మ తీసుకోమని వెంటనే అనలేదు. ఆ కొమ్మనే చూడమన్నాను. మార్చికల్లా అందులో చెదలు, బెరడు కింద పురుగులు, వాటికోసం వచ్చే వడ్రంగిపిట్ట. వాళ్ల నోట్‌బుక్ ఆఖరి పేజీల్లో అన్నింటికంటే ఎక్కువ ప్రాణులున్నాయి.

ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. మా చెట్టుకు ఆ ఏడు పూత దాదాపు లేదు. పచ్చడికి వేపపువ్వు ఎక్కడ దొరికిందో ప్రతి ఇంటా అడిగి రమ్మన్నాను. కొందరు చెరువుకట్ట మీది చెట్టు నుంచి, కొందరు సంతలో కొని, కొందరు కిందటేడు ఎండబెట్టి దాచుకున్నది వేశారు. ఏమీ దొరక్క నాలుగు లేత ఆకులు వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఊరి పటం గీసి, పువ్వు ఇచ్చిన చెట్లను అందులో గుర్తించారు. జబ్బు తక్కువ తగిలిన చెట్లు ఎక్కడున్నాయో ఆ పటంతో తెలిసింది. జూన్‌లో గింజలు ఆ చెట్ల కిందే ఏరాం.

ఏం మారింది, ఏం మారలేదు

కొలవగలిగింది ముందు చెబుతాను. సెప్టెంబరులో ఒక్క వాక్యం సొంతంగా రాయలేని మూడో తరగతి పిల్లల్లో ఎక్కువమంది ఏప్రిల్‌కు చూసిన సంగతిని నాలుగైదు వాక్యాల్లో రాస్తున్నారు. ‘ఎందుకంటే’ అనే మాట వాళ్ల రాతల్లో తరచుగా కనిపిస్తోంది. ప్రాజెక్టు మార్కులు ఈ నోట్‌బుక్‌ల నుంచే వేశాను. మొదటి పేజీకి, చివరి పేజీకి మధ్య చూపులో ఎంత తేడా వచ్చిందన్నదే నా కొలమానం. పక్క పిల్లతో పోల్చలేదు.

మారనివీ ఉన్నాయి. చిప్స్ కవర్లు ఆవరణలో ఇంకా పడుతూనే ఉన్నాయి. ఒక చెట్టును బాగా చూడటం నేర్చిన పిల్లకు చెత్త సంగతి దానంతటదే తెలియదు, దానికి వేరే పని కావాలి. ఒక ఇంట్లో పెరట్లో ఎండిన వేపచెట్టును గీకి చూడమని పిల్లవాడు బతిమాలినా తండ్రి కొట్టించేశాడు. వాడు వచ్చి చెప్పినప్పుడు ఆ నాన్నను ఎవరూ తప్పుపట్టకుండా చూశాను. ఆ ఇంటి కష్టం ఆ ఇంటిది. వాడు ఆ మొదలును కూడా చూసి రాస్తూ వచ్చాడు.

చేయాలనుకునేవారికి

చెట్టే కానక్కర్లేదు. చెరువు, పుట్ట, బడి గోడ మీద పిచ్చుక గూడు, ఏదైనా సరే. పిల్లలు నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి, రోజూ కనబడాలి. కథను ముందు నోటితోనే చెప్పండి, చెప్పించండి, ఆడించండి, తర్వాతే రాత. ఖాళీలు మీరు నింపకండి. తెలిసిన జవాబు చెప్పకుండా ఆగటం టీచర్‌కు కష్టమే, కానీ పిల్లల చూపు పెరిగేది అక్కడే.

వేపతోనే చేస్తే, బడులు తెరిచే జూన్ నెల మంచి సమయం, పండ్లు రాలుతుంటాయి. వేపగింజ ఎక్కువకాలం నిలవదు. కొన్ని వారాలు దాటితే మొలకెత్తే శక్తి బాగా తగ్గిపోతుంది కాబట్టి దాచిపెట్టి జూలైలో మొక్కలు నాటే రోజులకు వేద్దామనుకోకూడదు. గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, వెంటనే ఎర్రమట్టి, ఇసుక, ఎరువు కలిపిన సంచుల్లో వేయాలి. సాధారణంగా మూడు వారాల లోపే మొలకలు వస్తాయి. పిట్టలు తిని పడేసిన గింజలైతే గుజ్జు తీసే పని కూడా ఉండదు. కాకులు, గోరింకలు రాత్రి వాలే చెట్ల కింద పొద్దున్నే ఏరుకోవచ్చు.